భోజనాల తర్వాతే వచ్చే 434 అలారం: ఒక పాత వీఎంసీ జెడ్ యాక్సిస్ కేసు

నేపథ్యం

హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల వైపు జాబ్ వర్క్ మీద నడిచే చిన్న యూనిట్లలో 1990ల నాటి ఫానుక్ 0-ఎం కంట్రోల్ (మెషిన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న వర్టికల్ మిల్లింగ్ మెషిన్లు (వీఎంసీలు) ఇప్పటికీ చాలానే పనిచేస్తున్నాయి. ఎక్కువ భాగం సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, ఒకటి రెండు చేతులు మారినవి. ఎలక్ట్రికల్ డ్రాయింగ్ ఉంటే పారామీటర్ల కాగితం ఉండదు, అది ఉంటే ఇది ఉండదు. ఈ కేసు అలాంటి ఒక మెషిన్‌ది. యూనిట్ పేరు, మెషిన్ తయారీదారు పేరు, పని జరిగిన కాలం కావాలనే వదిలేశాను.

మెషిన్ గురించి తెలియవలసినవి కొన్నే. స్పిండిల్ హెడ్ బరువును కాలమ్ లోపల గొలుసుకు వేలాడే బ్యాలెన్స్ వెయిట్ చాలావరకు మోస్తుంది. అయినా గొలుసు తెగితే హెడ్ కూలిపోకూడదని జెడ్ యాక్సిస్ మోటారులో, అంటే హెడ్‌ను పైకీ కిందికీ కదిపే మోటారులో, స్ప్రింగ్ బ్రేకు కూడా పెట్టారు. మోటారు కప్లింగ్‌తో నేరుగా బాల్‌స్క్రూకు (తిరుగుడును నిలువు కదలికగా మార్చే మరకు) కలుస్తుంది. ర్యాపిడ్ వేగం (కోత లేకుండా కదిలే గరిష్ఠ వేగం) నిమిషానికి 12 మీటర్లు, పొజిషన్ లూప్ గెయిన్ (యాక్సిస్ ఆదేశాన్ని ఎంత దగ్గరగా వెంబడిస్తుందో చెప్పే అంకె) సెకనుకు 30, కొలత యూనిట్ ఒక మైక్రాన్.

సమస్య

మందపాటి ఉక్కు ప్లేట్లలో లోతైన రంధ్రాలు వేసే పనిలో, అంటే జీ83 సైకిల్‌లో డ్రిల్లు మాటిమాటికీ పైకి వచ్చి చిప్స్ వదిలి మళ్ళీ దిగే పనిలో, మెషిన్ 434 అలారం ఇచ్చి ఆగిపోయేది. అప్పుడప్పుడు దాని బదులు 431, అంటే కదులుతున్న యాక్సిస్ ఆదేశానికి మరీ వెనకబడిందన్న అలారం, వచ్చేది. పవర్ తీసి, కాసేపు ఆగి, మళ్ళీ వేస్తే నడిచేది. మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఉండేది. మామూలు ఫేస్ మిల్లింగ్ చేస్తున్నప్పుడు మాత్రం ఈ బాధ దాదాపు లేదు. ఆపరేటర్ చెప్పిన మాట నేను నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను: "పొద్దుగాల మంచిగనే నడుస్తది సార్, అన్నం తిని వచ్చినంక మొదలైతది." చివరికి దారి చూపించింది ఈ మాటే.

434 అంటే జెడ్ యాక్సిస్ డిజిటల్ సర్వో (మోటారును నియంత్రించే వ్యవస్థ) అలారం అని మాత్రమే అర్థం. దాని వెనుక ఎనిమిది వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ఏ కారణమో డయాగ్నోసిస్ 722లోని బిట్లు చెబుతాయి (ఎక్స్‌కు 720, వైకి 721). పవర్ తీసేస్తే ఆ సమాచారం పోతుంది. ఈ యూనిట్‌లో అలారం రాగానే మెయిన్ స్విచ్ తీసే అలవాటు వల్ల 722 ఏం చూపిస్తోందో అంతవరకు ఎవరూ చూడలేదు. నేను మొదట అడిగింది ఒక్కటే: ఈసారి అలారం వస్తే ఏదీ ముట్టుకోకుండా నన్ను పిలవండి. స్క్రీన్ మీద కనిపించింది 00100000, అంటే ఐదో బిట్, ఓవీసీ.

ఓవీసీ అంటే మోటారు నిజంగా కాలిపోతోందని థర్మోస్టాట్ చెప్పడం కాదు. మోటారులోకి పంపుతున్న కరెంటును బట్టి అది ఎంత వేడెక్కి ఉంటుందో సాఫ్ట్‌వేర్ వేసుకునే లెక్క అది. ఆ లెక్క హద్దు దాటితే అలారం వస్తుంది. పవర్ తీసి వేస్తే లెక్క కొత్తగా మొదలవుతుంది, కానీ మోటారులోని అసలు వేడి ఎక్కడికీ పోదు. అందుకే ఓవీసీని స్విచ్‌తో 'తీసేసి' పని నడిపించుకోవడం మోటారు వైండింగ్‌ను ఫణంగా పెట్టడమే.

అంతకుముందు జరిగిన ప్రయత్నాలు

నేను వెళ్ళేసరికే సర్వో యాంప్లిఫయర్ (మోటారుకు కరెంటు ఇచ్చే యూనిట్) రిపేరుకు వెళ్ళి వచ్చింది. మోటారు స్థానాన్ని కంట్రోల్‌కు తెలిపే ఫీడ్‌బ్యాక్ కేబుల్ కొత్తది వేశారు. మధ్యాహ్నం లైన్ వోల్టేజీ పడిపోతోందన్న అనుమానంతో స్టెబిలైజర్ పెట్టారు. ఇవేవీ పనిచేయలేదు.

ఓవీసీ బిట్ చూశాక ఇవి ఎందుకు పనిచేయలేదో చెప్పడం తేలిక. కేబుల్ తెగితే ఫీడ్‌బ్యాక్ బిట్ వెలగాలి. యాంప్లిఫయర్‌లో పవర్ ట్రాన్సిస్టర్ పోతే ఎక్కువగా అసాధారణ కరెంటు బిట్ వెలుగుతుంది. లైన్ వోల్టేజీ పడితే లో వోల్టేజీ బిట్ వెలుగుతుంది. ఓవీసీ ఒక్కటే వెలిగిందంటే యాంప్లిఫయర్ అడిగిన కరెంటు సక్రమంగానే ఇస్తోంది. ఎక్కువ కరెంటు ఎందుకు అడగవలసి వస్తోందన్నదే ప్రశ్న.

ఇంకో మార్పు కూడా జరిగింది, దాని గురించి ఎవరూ చెప్పలేదు. ప్యానెల్ తలుపు లోపలివైపు ప్లాస్టిక్ కవర్‌లో పాత యజమాని కాలం నాటి పారామీటర్ల ప్రింటు ఒకటి అతికించి ఉంది. ఆయిల్ మరకలు పడినా అంకెలు కనిపిస్తున్నాయి. స్క్రీన్‌తో పోల్చి చూస్తే పారామీటర్ 506 తేడాగా ఉంది: ప్రింటులో 10000, మెషిన్‌లో 20000. జెడ్ కదులుతున్నప్పుడు పొజిషన్ ఎర్రర్ ఎంతవరకు పెరగవచ్చో చెప్పే హద్దు అది. 431 రాకుండా ఉండాలని ఎవరో దాన్ని రెట్టింపు చేశారు.

పాత అంకె ఎక్కడినుంచి వచ్చిందో లెక్క కట్టి చూడవచ్చు. నిమిషానికి 12 మీటర్లంటే సెకనుకు 200 మిల్లీమీటర్లు. దాన్ని గెయిన్ 30తో భాగిస్తే 6.667 మిల్లీమీటర్లు, అంటే 6667 మైక్రాన్లు. ర్యాపిడ్‌లో యాక్సిస్ ఎప్పుడూ ఆదేశానికి అంత వెనకబడి ఉంటుంది. దానికి ఒకటిన్నర రెట్లు 10000. రెట్టింపు చేస్తే 431 తగ్గవచ్చు గానీ, నిజంగా యాక్సిస్ ఎక్కడైనా తగులుకున్నప్పుడు మెషిన్ ఇంకో సెంటీమీటరు దూరం తోసుకుంటూ వెళ్ళాకే ఆగుతుంది. ముందుగా 10000 తిరిగి పెట్టించాను. అలారాలు ఎక్కువ వస్తాయని యజమాని ఇష్టపడలేదు, కానీ కొలతలు తీసేటప్పుడు అసలు హద్దులు ఉండటం నాకు అవసరం.

ఉదయం కొలతలు

ఎక్కువ కరెంటు అడగడానికి కారణాలు రెండు వైపులా ఉండవచ్చు. మోటారులోనే ఇన్సులేషన్ దెబ్బతిని లీకేజీ ఉండవచ్చు, లేదా యాక్సిస్ బరువుగా కదులుతూ ఉండవచ్చు. కూలెంట్ మోటారు కనెక్టర్‌లోకి దిగడం ఈ వయసు మెషిన్లలో మామూలే కాబట్టి ముందు మొదటిది చూశాను. హెడ్ కింద చెక్క దిమ్మ పెట్టి, మోటారు పవర్ వైర్లు యాంప్లిఫయర్ నుంచి పూర్తిగా విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) కొలిస్తే వంద మెగోమ్‌ల పైనే వచ్చింది. యాంప్లిఫయర్ తగిలించి ఉండగా మెగ్గర్ పెట్టకూడదని, పల్స్ కోడర్ (మోటారు స్థానం చదివే సెన్సార్) వైర్ల మీద అసలే పెట్టకూడదని కొత్తవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. అలా చేసి మంచి కార్డులను పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

యాంప్లిఫయర్లు మార్చి చూడమని యజమాని సూచించారు. ఎక్స్, జెడ్ యాంప్లిఫయర్లను అటూ ఇటూ మార్చడం చాలా చోట్ల మంచి పరీక్షే. ఇక్కడ వద్దనుకున్నాను. రెండు మోటార్లు ఒక సైజువి కావు, కాబట్టి మోటారు పారామీటర్లు కూడా మార్చాలి. పైగా నిలువు యాక్సిస్‌ను తప్పు పారామీటర్లతో ఆన్ చేయడం ప్రమాదం. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ మార్పిడి ఫలితం ఎలా వచ్చినా ఓవీసీ బిట్ ముందే చెప్పినదానికన్నా కొత్తగా ఏమీ చెప్పదు.

అందుకని యాక్సిస్ ఎంత బరువుగా కదులుతోందో అంకెల్లో చూడాలనుకున్నాను. క్లాంప్ మీటర్ ఇక్కడ పనికిరాదు. నెమ్మదిగా కదిలే ఏసీ సర్వో మోటారులో కరెంటు ఫ్రీక్వెన్సీ కొద్ది హెర్ట్జ్‌లే ఉంటుంది, మామూలు క్లాంప్ మీటర్ దాన్ని సరిగా చదవదు. కంట్రోల్‌లోని సర్వో ట్యూనింగ్ స్క్రీన్‌లో మోటారు కరెంటు శాతంలో కనిపిస్తుంది. నిమిషానికి 1500 మిల్లీమీటర్ల ఫీడ్‌తో జెడ్‌ను పైకీ కిందికీ నడిపే చిన్న ప్రోగ్రాం రాసి, వేగం నిలకడగా ఉన్న భాగంలో ఆ అంకె చదివాను. పైకి వెళ్ళేటప్పుడు 27, కిందికి దిగేటప్పుడు మైనస్ 17.

ఈ రెండు అంకెలను విడివిడిగా చూస్తే లాభం లేదు, జతగా చూడాలి. పైకి వెళ్ళేటప్పుడు మోటారు బ్యాలెన్స్ కాకుండా మిగిలిన బరువునూ రాపిడినీ కలిపి మోస్తుంది. దిగేటప్పుడు బరువు సాయం చేస్తుంది, రాపిడి మాత్రం ఎదురు నిలుస్తుంది. కాబట్టి గుర్తులతో సహా రెండిటినీ కూడి సగం చేస్తే బరువు వాటా, ఒకదానిలోంచి ఇంకొకటి తీసేసి సగం చేస్తే రాపిడి వాటా తెలుస్తాయి. ఇక్కడ బరువు 5, రాపిడి 22. గొలుసు, పుల్లీ బాగానే ఉన్నాయని బరువు అంకె చెప్పింది. రాపిడి కొంచెం ఎక్కువే, కానీ ఓవీసీ తెచ్చేంత కాదు.

స్లైడ్‌వేల (హెడ్ జారే పట్టాల) ఆయిల్ లైన్లు చూస్తే జెడ్‌కు వెళ్ళే ఒక మీటరింగ్ యూనిట్ (ఆయిల్‌ను కొలిచి వదిలే భాగం) పూర్తిగా మూసుకుపోయి ఉంది. దాన్ని మార్చి, యాక్సిస్‌ను బాగా తిప్పి ఆయిల్ పట్టించాక రాపిడి 22 నుంచి 18కి దిగింది. చాలా కేసుల్లో కథ ఇక్కడే ముగుస్తుంది. ఇక్కడ ముగియదని నాకు అనుమానం ఉంది, ఎందుకంటే ఆయిల్ లోపమే కారణమైతే అలారం పొద్దున రావాలి. రాత్రంతా చల్లబడి ఆయిల్ చిక్కగా ఉండేది అప్పుడే, మధ్యాహ్నానికి అది పలచబడుతుంది. ఈ మెషిన్ సరిగ్గా దానికి వ్యతిరేకంగా ప్రవర్తిస్తోంది. అదే రోజు మధ్యాహ్నం 434 మళ్ళీ వచ్చింది.

భోజనాల తర్వాత

పాత టెక్నీషియన్లు అందరూ పొద్దున వచ్చి, మెషిన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొలతలు తీసి వెళ్ళారు. కొలత తీయాల్సింది జబ్బు ఉన్నప్పుడు. అలారం వచ్చి, 722 రాసుకున్నాక, మోటారు చల్లబడకముందే అదే ప్రోగ్రాం నడిపించాను. పైకి 58, కిందికి మైనస్ 48. అంటే బరువు అదే 5, రాపిడి 53.

బరువు వాటా మారలేదు, రాపిడి దాదాపు మూడు రెట్లయింది. 58 శాతం నిరంతరంగా మోయడం కూడా మోటారుకు అసాధ్యమేమీ కాదు. కానీ జీ83లో ప్రతి పెక్‌కూ (డ్రిల్లు ఒక్కోసారి దిగి పైకి రావడానికి) వేగం అందుకోవడానికీ ఆపడానికీ కావలసిన కరెంటు దీనికి తోడవుతుంది, అందుకే డ్రిల్లింగ్‌లోనే ఓవీసీ లెక్క హద్దు దాటింది.

ఇదే సమయంలో డయాగ్నోసిస్ 802లో జెడ్ పొజిషన్ ఎర్రర్ కూడా చూశాను. 1500 ఫీడ్‌కు లెక్క ప్రకారం 833 ఉండాలి. పొద్దునా, ఇప్పుడూ 830 దరిదాపుల్లోనే ఉంది. రాపిడి ఇంత పెరిగినా ఎర్రర్ పెరగకపోవడం చూసి యూనిట్‌లోని ఎలక్ట్రీషియన్ ఆశ్చర్యపోయాడు. వెలాసిటీ లూప్‌లోని ఇంటెగ్రల్ భాగం అడిగిన వేగం వచ్చేదాకా కరెంటు పెంచుతూ పోతుంది. కరెంటుకు హద్దు తగిలేవరకు ఆ భారం ఎర్రర్‌లో కనిపించదు. హద్దు తగిలిన అరుదైన క్షణాల్లో యాక్సిస్ వెనకబడి 431 వస్తుంది. రెండు వేర్వేరు అలారాల వెనక ఉన్నది ఒకే జబ్బని అలా తేలింది.

ఒక గంట భోజన విరామంలో మారగలిగే రాపిడి ఏది? గిబ్ (స్లైడ్‌వేలో సందును సరిచేసే పట్టీ), బాల్‌స్క్రూ, బేరింగ్ బిగుసుకుపోతే మెల్లగా, పని సాగేకొద్దీ పెరగాలి. ఆపరేటర్ చెబుతున్నది అది కాదు: పన్నెండున్నరకు బాగుంది, తిరిగి వచ్చాక బాగాలేదు. విరామంలో మెషిన్‌కు ఏం చేస్తారని అడిగితే, ఎమర్జెన్సీ బటన్ నొక్కి వెళ్తామని, వచ్చాక విడుదల చేస్తామని చెప్పాడు. ఎమర్జెన్సీ నొక్కితే సర్వో ఆగి బ్రేకు పడుతుంది. విడుదల చేస్తే బ్రేకు మళ్ళీ తెరుచుకోవాలి.

మోటారు విప్పడం

అనుమానం ఎంత బలంగా ఉన్నా, నిలువు యాక్సిస్ మోటారు విప్పడం చిన్న పని కాదు. రిఫరెన్స్ స్థానం (యాక్సిస్ కొలతలు మొదలయ్యే స్థానం) కదులుతుంది, దాంతో టూల్ ఛేంజ్ ఎత్తు కూడా. అయినా విప్పాలని నిర్ణయించాను. రాపిడి కప్లింగ్‌కు ఏ వైపు ఉందో తేల్చే పరీక్ష అదొక్కటే. హెడ్ కింద చెక్క దిమ్మలు బిగించి, కప్లింగ్ వదులు చేసి, మోటారును బాల్‌స్క్రూ నుంచి వేరు చేశాను. కేబుళ్ళు తగిలించే ఉంచి, మోటారు వేడిగా ఉండగానే ఎమర్జెన్సీ విడుదల చేసి, దాన్ని ఒంటరిగా తిప్పితే కరెంటు ఇంకా 35 శాతం దగ్గరే ఉంది. ఏ భారమూ లేని మోటారుకు అంత కరెంటు అవసరం లేదు. స్లైడ్‌వే, గిబ్, బాల్‌స్క్రూ అన్నీ ఒక్కసారిగా నిర్దోషులయ్యాయి.

మిగిలింది మోటారు బేరింగ్ లేదా బ్రేకు. ఎమర్జెన్సీని నొక్కుతూ వదులుతూ, మోటారు వెనక భాగానికి స్క్రూడ్రైవర్ ఆనించి దాని పిడిని చెవికి పెట్టుకుని విన్నాను. బ్రేకు తెరుచుకున్నప్పుడు వినిపించాల్సిన టక్కుమనే శబ్దం రాలేదు. ప్యానెల్‌లో బ్రేకు రిలే మీద ఎర్ర దీపం మాత్రం వెలుగుతోంది. ఆ దీపం చెప్పేది బ్రేకు తెరవమన్న ఆదేశం వెళ్ళిందని మాత్రమే. బ్రేకు తెరుచుకుందని కంట్రోల్‌కు తెలిపే సెన్సార్ ఈ మెషిన్‌లో లేదు.

ఈ తరం మోటార్ల బ్రేకు కాయిల్‌కు 90 వోల్టుల డీసీ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 100 వోల్టుల ఏసీని బ్రిడ్జి రెక్టిఫయర్ (నాలుగు డయోడ్ల జట్టు) పూర్తి తరంగపు డీసీగా మారిస్తే సగటు 90 వస్తుంది. లోడ్ మీద కొలిస్తే రెక్టిఫయర్‌కు లోపలికి 104 వోల్టుల ఏసీ, బయటికి 47 వోల్టుల డీసీ. ఈ 47 అన్న అంకెను చూడగానే కారణం తెలుస్తుంది: నాలుగు డయోడ్లలో ఒకటి ఓపెన్ అయితే సగం తరంగమే మిగులుతుంది, సగటు సగానికి పడిపోతుంది. రిలే కాంటాక్ట్ మాడితే వోల్టేజీ ఒక చోట నిలవకుండా ఊగుతుంది. ఇది నిలకడగా సగం ఉంది. రెక్టిఫయర్‌ను విప్పి డయోడ్ రేంజ్‌లో చూస్తే ఒక డయోడ్ రెండు వైపులా ఓపెన్.

అయితే సగం వోల్టేజీతో పొద్దున బ్రేకు ఎలా తెరుచుకుంది? తెరవడానికి కావలసిన కరెంటు వేరు, తెరిచి ఉంచడానికి కావలసింది వేరు. ఆర్మేచర్ (కాయిల్ లాగే ఇనుప భాగం) దూరంగా ఉన్నప్పుడు దాన్ని లాగడానికి చాలా బలం కావాలి. ఒకసారి అతుక్కున్నాక కొద్ది కరెంటుతోనే అది అలాగే ఉంటుంది. పొద్దున చల్లటి కాయిల్ రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి సగం వోల్టేజీతో కూడా అంచుమీద లాగేది, భోజనాల దాకా వదిలేది కాదు. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. మోటారు 50 డిగ్రీలు వేడెక్కితే కాయిల్ కరెంటు ఆరో వంతు తగ్గుతుంది, లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఎమర్జెన్సీ నొక్కి భోజనానికి వెళ్తే బ్రేకు పడేది. తిరిగి వచ్చి విడుదల చేస్తే వేడి కాయిల్ దాన్ని లాగలేకపోయేది. ఆ తర్వాత మోటారు మూసిన బ్రేకును ఈడ్చుకుంటూ తిరిగి మరింత వేడెక్కేది. అలారం వచ్చాక పవర్ తీసి కాసేపు ఆగితే చల్లబడి, కొన్నిసార్లు మళ్ళీ తెరుచుకునేది.

కొత్త రెక్టిఫయర్ కొనేముందు ఇంకో నిర్ధారణ చేసుకున్నాను. బ్రేకు వైర్లు విప్పి, వేడి మోటారుకు బయటి సప్లై నుంచి 90 వోల్టుల డీసీ ఇస్తే టక్కున తెరుచుకుంది, షాఫ్ట్ చేత్తో తేలిగ్గా తిరిగింది. బేరింగ్ మీద అనుమానం కూడా అక్కడితో పోయింది.

బాగుచేసిన తీరు

రెక్టిఫయర్‌తో పాటు కాయిల్‌కు అడ్డంగా ఉన్న సర్జ్ అబ్జార్బర్‌ను కూడా మార్చాను. పాతది పగిలి ఉంది. కాయిల్ ఆగిన ప్రతిసారీ వచ్చే వోల్టేజీ దెబ్బ డయోడ్ల మీద పడి ఉంటుందని నా అంచనా. రిలే కాంటాక్ట్ డీసీ వైపే ఉండనిచ్చాను. ఏసీ వైపుకు మారిస్తే కాంటాక్ట్ ఎక్కువ కాలం మన్నుతుంది గానీ, కాయిల్ కరెంటు రెక్టిఫయర్ గుండా తిరుగుతూ మెల్లగా ఆరిపోతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. నిలువు యాక్సిస్‌లో ఆ ఆలస్యం ఒప్పుకోలేనిది.

మోటారు బిగించాక రిఫరెన్స్ స్థానాన్ని గ్రిడ్ షిఫ్ట్‌తో (దాన్ని జరిపే పారామీటర్‌తో) సరిచేసి, టూల్ ఛేంజ్ ఎత్తును డయల్ గేజ్‌తో చూసి, టూల్ మార్పిడిని ఒక్కో అడుగుగా నడిపించాకే ఆటోలో పెట్టాను. మధ్యాహ్నం, ఎమర్జెన్సీ నొక్కి విడుదల చేశాక తీసిన కొలత: పైకి 22, కిందికి మైనస్ 12. రాపిడి 17. డ్రిల్లింగ్ జాబ్ ఆ సాయంత్రం అలారం లేకుండా నడిచింది, తర్వాత కూడా.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

పైకీ కిందికీ కరెంటు జతను ఇప్పుడు నేను చూసే ప్రతి నిలువు యాక్సిస్ మెషిన్‌లోనూ బాగున్న రోజే రాసి ప్యానెల్ తలుపులో అతికిస్తున్నాను. అడ్డ యాక్సిస్‌లకు ఒక్క అంకె చాలు. జబ్బు చేసిన రోజు పోల్చుకోవడానికి ఆ అంకెలు లేకపోతే 58 అన్నది ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు.

విడిభాగం మార్చి చూడటాన్ని నేను వ్యతిరేకించను. కానీ మార్చేముందు 'అలారం వస్తే దీని అర్థం ఏమిటి, రాకపోతే ఏమిటి' అని కాగితం మీద రాయగలగాలి. ఈ మెషిన్‌లో అలారం రోజూ రాదు, పొద్దున ఎలాగూ రాదు. కాబట్టి పొద్దున ఏ భాగం మార్చినా ఆ పూటకు అదే పనిచేసినట్టు కనిపించింది. యాంప్లిఫయర్ రిపేరుకు డబ్బు పోయింది అలాగే.

బ్రేకు సర్క్యూట్ కొలతను ఇప్పుడు ఓవీసీ తనిఖీలో మొదటి వరుసలోకి తెచ్చాను. ప్యానెల్ తెరిచి రెండు ప్రోబులు పెట్టే పని అది, మోటారు విప్పాల్సిన అవసరం లేదు. శబ్దం వినడం కూడా అంతే, కాకపోతే వేడి మోటారు మీద వినాలి.

ఒక పని మాత్రం మిగిలింది. ఈ బ్రేకు హెడ్‌ను నిలబెట్టడానికి చేసినది, తిరిగే షాఫ్ట్‌ను ఆపడానికి కాదు. చాలా కాలం మూసి ఉండగానే ఈడ్చుకుని తిరిగింది కాబట్టి లైనింగ్ అరిగే ఉంటుంది. బ్యాలెన్స్ వెయిట్ ఉన్న మెషిన్‌లో సర్వో ఆపి హెడ్ జారుతుందేమో డయల్ గేజ్‌తో చూసే పరీక్ష ఇక్కడ మోసం చేస్తుంది. బ్రేకు పాడైనా గొలుసు హెడ్‌ను మోస్తూనే ఉంటుంది. అందుకే మోటారు విప్పి ఉన్నప్పుడే బ్రేకు మూసి టార్క్ రెంచ్‌తో షాఫ్ట్‌ను తిప్పి చూశాను. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ కన్నా ముందే జారింది. కొత్త బ్రేకు తెప్పించమని యజమానికి రాసిచ్చాను. అది వచ్చేదాకా హెడ్ కింద చెయ్యి పెట్టే ఏ పనికైనా ముందు చెక్క దిమ్మ పెట్టాలని ఆపరేటర్లతో మెషిన్ తలుపు మీదే రాయించాను.